మట్టికోడలి చోటు

గడ్డి కోసే మిషన్ తాళంచెవి మట్టికోడలి రవికలోకి వెళ్ళిన నిమిషానే పార్కు కమిటీ ఓడిపోయింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి మాత్రం వాళ్ళకి మధ్యాహ్నం దాకా పట్టింది.

ఆ తగవును మొదలు నుంచి చివరి దాకా చూసింది సూదక్క. పార్కు గేటు పక్కన రేకుల చూరు కింద ఆమె కుట్టుమిషన్ ఉండేది. కొత్త బట్టలు కుట్టే ఓపిక ఆమెకు లేదు. ఉన్న బట్టలను మనుషులకు సరిపెట్టడమే ఆమె పని. పొడుగు ప్యాంటుకు అంచు మడిచేది, పళ్ళూడిన జిప్పు మార్చేది, ఒళ్ళు చేసినవాళ్ళు సిగ్గుపడుతూ తెచ్చిన బట్టలకు కుట్లు విప్పి వదులు చేసేది. విప్పుతున్నంతసేపూ వాళ్ళ తిండి గురించి నాలుగు మాటలు అనేది. చేతిలో ఎంత సూది ఉందో నోట్లోనూ అంతే ఉందని వీధంతా ఆమెకు ఆ పేరు పెట్టింది. ఆ పేరు విని ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. పదును ఉన్నదానికే కదా పేరు పెడతారు.

మట్టికోడలు ఆమెకు తోడికోడలు. ఆ పేరు పెట్టింది మాత్రం సూదక్కే. పార్కులో తోటపని చేసే ఆ చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే కడిగిన గడప మీద బురద పాదం వేసింది. కుట్టుకిచ్చిన ఒకరి తెల్లచొక్కా ఆ గడప పక్కనే ఆరుతోంది. అంతే, పేరు స్థిరపడిపోయింది.

ఆ రోజు జరిగిందేమిటంటే, కమిటీ వాళ్ళు వాలు ఎక్కగల కొత్త మిషన్ కొన్నారు. అంతకుముందున్న పాత మిషన్ పార్కు వెనక దిబ్బ మీదికి ఎక్కలేక ఆయాసపడేది కాబట్టి ఆ దిబ్బ బతికిపోయింది. అక్కడ మోకాలెత్తు గడ్డి పెరిగేది. ఎండాకాలం మొదట్లో రాగి చెంబు తోమినట్టు మెరిసేది. కమిటీ కళ్ళకు అది చింపిరి జుట్టులా కనబడేది. మిషన్ నడిపేవాడు దిబ్బ మొదట్లో ఆగి చెమట తుడుచుకున్నాడు. ఆ తుడుచుకునే సందులో మట్టికోడలు వెళ్ళి తాళంచెవి లాగి, రవికలో వేసుకుని, గడ్డి అంచున చతికిలబడి, అన్నం డబ్బా విప్పింది.

అతను తాళం ఇమ్మన్నాడు. తీసుకోమంది. అతను ఆకాశం వైపు చూశాడు, చెట్ల వైపు చూశాడు, ఎటు చూడాలో తెలియక చివరికి తన చెప్పుల వైపు చూశాడు. పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు పాపం.

కమిటీ అధ్యక్షుడు వచ్చాడు. పొద్దున నడకకు వచ్చినవాళ్ళంతా చుట్టూ చేరారు. పార్కు అంటే చక్కగా దువ్విన తలలా ఉండాలని, ఒక మూల ఇలా పెరిగితే పురుగూ పుట్రా చేరుతుందని ఆయన మర్యాదగానే చెప్పాడు. మట్టికోడలు నోట్లో ముద్ద మింగి, నీళ్ళు తాగి, ఆయన తల వంక తీరిగ్గా చూసింది.

"మీ తల మీద నాలుగు వెంట్రుకలు మిగిలాయి సార్. ఎవరైనా వచ్చి, మిగతాదంతా నున్నగా ఉంది కదా, ఇవి మాత్రం ఎందుకని గొరిగేస్తామంటే ఒప్పుకుంటారా? ఈ పార్కు మొత్తంలో మాకు మిగిలినవీ ఆ నాలుగే."

నడకవాళ్ళు నవ్వారు. ఆయన కోపం తెచ్చుకోబోయి, చెయ్యి దానంతటదే తల మీదికి వెళ్ళేసరికి తనూ నవ్వేశాడు. నవ్వినవాడు ఇక తగవు ఏం గెలుస్తాడు. మధ్యాహ్నానికి దిబ్బ చుట్టూ గులాబీ రంగు నైలాన్ తాడు కట్టారు. తాడు దాటి మిషన్ రాకూడదని అధ్యక్షుడే నలుగురి ముందూ చెప్పాడు. తాళంచెవి తిరిగిచ్చినప్పుడు మిషన్ అతను దాన్ని జేబురుమాలుతో అందుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో సూదక్క ఒక మాట అంది. "రవిక బిగించి కుట్టింది నేను. పట్టు గట్టిగా ఉంది కాబట్టి తాళం జారలేదు. గెలుపులో సగం నాది." మట్టికోడలు పడీ పడీ నవ్వింది. నవ్వి, ఎప్పటిలాగే కాళ్ళు కడుక్కోకుండా లోపలికి వచ్చింది.

దిబ్బ మీద అంత ప్రేమ ఎందుకో సూదక్కకు తెలియడానికి చాలాకాలం పట్టింది. మట్టికోడలు వాలు జనం మనిషి. ఇళ్ళు రాకముందు, పార్కు రాకముందు, ఆ దిబ్బ మీదా దాని అవతలి వాలు మీదా వాళ్ళ జనం ఉండేవాళ్ళు. భూమి వాళ్ళదని కాగితం ఏదీ లేదు. వాళ్ళకు ఉన్నవి చోట్లు. బిడ్డ పుడితే పేరు పెట్టడం కంటే ముందు చోటు చూపించేవాళ్ళు. ఇదిగో, ఈ రాయి నుంచి ఆ పొద దాకా నువ్వు చూసుకోవాలి అని. చోటు అంటే ఆస్తి కాదు, అమ్ముకోడానికి లేదు. పని అది. అందులో నీలిపూల దుంపలు తవ్వుకుని తినొచ్చు, కానీ పెద్దవి మాత్రమే. చిన్నవి ఎక్కడివక్కడే మళ్ళీ పాతిపెట్టాలి. చలికాలం పొద్దుటిపూట, మంచు ఇంకా నేల మీద ఉండగానే, గడ్డిని కొంచెం కొంచెంగా కాల్చాలి. కింద తడి ఉంటుంది కాబట్టి మంట పైపైనే పోతుంది, వేరు బతుకుతుంది. ఒక పక్క కాల్చకుండా వదలాలి, పురుగులూ పిట్టలూ తప్పుకోవడానికి. ఇలా అందరూ ఎవరి చోటు వాళ్ళు చూసుకుంటే దిబ్బంతా పచ్చగా ఉండేదట. తర్వాత వాళ్ళను లారీలెక్కించి దూరంగా దింపారు. దిబ్బ చుట్టూ నేల చదును చేసి పచ్చిక పరిచారు. మట్టికోడలి అమ్మమ్మ పోయేదాకా ఆ చోట్ల హద్దులు నోటితో చెబుతూనే ఉండేది.

పార్కులో తోటపని దొరికినప్పుడు మట్టికోడలు సంబరపడింది జీతం చూసి కాదు. దిబ్బ వెనక పచ్చిక అంచున రాగిగడ్డి దుబ్బులు అక్కడక్కడా మిగిలి ఉండటం చూసింది. అమ్మమ్మ చెప్పిన రాయి కూడా ఉంది, సగం సిమెంటు కప్పేసి.

పని చేసే తీరు చూస్తే సూదక్కకు చిరాకు పుట్టేది. పార ముట్టదు. కొన నిప్పులో కాల్చి గట్టిచేసిన పుల్ల ఒకటి పెట్టుకుని, గొంతుక్కూర్చుని, మట్టిని కొంచెం కొంచెంగా గుల్ల చేస్తుంది. పరాయి గడ్డి ఒక్కో పోచా పీకుతుంది. పార అనేదొకటి కనిపెట్టారని నీకెవరూ చెప్పలేదా అని సూదక్క అడిగింది.

"పార దుంపను కోసేస్తుందక్కా. పుల్ల పక్కకి జరుపుతుంది."

"నీకు పుల్లలతో ఉన్న పరిచయం మనుషులతో లేదు," అంది సూదక్క. కానీ మనసులో ఒప్పుకుంది. కుట్లు విప్పడానికి కత్తెర వాడే దర్జీలను ఆమె మనుషుల్లో లెక్కెయ్యదు. సూదిమొనతో ఒక్కో కుట్టూ ఎత్తాలి. గుడ్డకు తెలియకూడదు.

మట్టి విషయంలో మాత్రం ఆమె మెత్తబడలేదు. చేతికి మట్టి అంటితే ఒకరి పెళ్ళిబట్ట పాడవుతుంది, అది తన తిండి. అందుకే ఆ దిబ్బ మీద ఆమె ఏనాడూ చెయ్యి పెట్టలేదు, కాలూ పెట్టలేదు. రోజూ సాయంత్రం గుమ్మంలో అదే మాట. చేతులు బయట కడుక్కో. రోజూ అదే జవాబు. కడుక్కుంటాలే అక్కా. ఇద్దరికీ అదే పలకరింపు అయిపోయింది.

ఆ ఇంట్లో బిడ్డ ఒక్కతే పుట్టింది. సూదక్కకు పిల్లలు లేరు, భర్తా పోయాడు. మరిది, అంటే మట్టికోడలి మొగుడు, గోడౌన్‌లో మూటలు దించే మనిషి. మాటలు తక్కువ. కాబట్టి ఆ పిల్ల ఇద్దరు తల్లుల మధ్యే పెరిగింది. పగలు కుట్టుమిషన్ కింద గుడ్డపీలికల్లో నిద్ర, సాయంత్రం దిబ్బ మీద ఆట. మట్టికోడలు తన చోటును రెండు భాగాలు చేసింది. మధ్యలో చిన్న చిన్న రాళ్ళు వరసగా పేర్చి, పార్కు కంచె వైపు భాగం పిల్లదంది. పిల్ల తన పుల్ల తనే కాల్చి చేసుకుంది. ఆ పుల్ల మెడకు సూదక్క దగ్గర ఎత్తుకెళ్ళిన ఎర్ర రిబ్బను చుట్టుకుంది.

ఒక చలికాలం పొద్దున పిల్ల మొదటిసారి తన చేత్తో మంట పెట్టింది. పక్కన నీళ్ళ బకెట్లు. మట్టికోడలు కూతురి వెనక నిలబడి గాలి వైపు మాత్రం చూస్తోంది. సూదక్క గేటు దగ్గర నిలబడి, ఆరేసిన బట్టలకు పొగవాసన పడుతుందని అరిచింది. మంట మోకాలెత్తు కూడా లేవలేదు. ముసలివాళ్ళ నడకలా మెల్లగా పోయి, తడి తగిలిన చోట ఆరిపోయింది. నేల నల్లగా మిగిలింది. పిల్ల బూడిదలో వేలు ముంచి సూదక్క ముక్కు మీద రాసి పారిపోయింది. ఆ బొట్టుతోనే సూదక్క గిరాకీలను పలకరించిందని తర్వాత వీధంతా చెప్పుకున్నారు.

ఆ నల్లటి నేలలో నుంచి ఎండలు ముదరకముందే నీలిపూలు లేచాయి. తల్లి భాగంలో కంటే కూతురి భాగంలో ముందు లేచాయి. మట్టికోడలికి ఒకేసారి సంతోషమూ అసూయా కలిగాయి. రెండూ దాచుకోలేక పిల్ల జడ పట్టుకుని లాగింది.

పెద్దయ్యాక పిల్లకు సిటీ బస్సులో కండక్టర్ ఉద్యోగం వచ్చింది. యూనిఫాం జేబులు లోతుగా మార్చి కుట్టింది సూదక్కే. బస్సు పార్కు దగ్గరికి రాగానే పిల్ల స్టాపు పేరు చెప్పేది కాదు. "మా అమ్మ చోటు దగ్గర దిగేవాళ్ళు ముందుకి రండి" అని కేకేసేది. రోజూ ఎక్కేవాళ్ళకు అది అలవాటైపోయింది. కొత్తవాళ్ళు బిక్కమొహం వేసేవాళ్ళు. సూదక్క మిషన్ దగ్గర కూర్చునే ఆ కేక వినేది. వినగానే మిషన్ ఆపి, తల ఎత్తకుండా, చెయ్యి మాత్రం ఊపేది.

వానలు వెనక్కి తగ్గే రోజుల్లో పిల్లకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేనని సెలవు కూడా పెట్టలేదు. తర్వాత దగ్గు, ఆ తర్వాత ఊపిరి. ఆసుపత్రిలో తలగడ మీద తలగడ వేసి కూర్చోబెడితే తప్ప గాలి అందేది కాదు. మరిది వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. చివరి రోజు పిల్ల తల్లి చేతి గోళ్ళలో మట్టి చూసి, పెద్దమ్మ చూస్తే తిడుతుందని చెప్పింది. అదే ఆఖరి మాట అని అప్పుడు ఎవరికి తెలుసు.

సూదక్క మర్నాడే మిషన్ ముందు కూర్చుంది. చూసినవాళ్ళు రాతిగుండె అన్నారు. ఆమెకు తెలిసిన దుఃఖం అదొక్కటే. భర్త పోయినప్పుడూ అంతే చేసింది. చేతులు ఆపితే మనిషి ఆగిపోతుందని ఆమె భయం. ఆ రోజు ఆమె కుట్టిన అంచులన్నీ వంకరపోయాయి. సాయంత్రం కూర్చుని అన్నీ విప్పింది.

మట్టికోడలి జనం తీరు వేరు. వాళ్ళలో మనిషి పోతే, ఆ మనిషి చోటు పడుకుంటుంది. అన్నో తమ్ముడో, లేకుంటే మేనమామో వచ్చి, పోయినవాళ్ళ పుల్లను ఆ నేల మీద అడ్డంగా పడుకోబెడతాడు. అప్పటి నుంచి గడ్డి ఎండి, మళ్ళీ చిగిర్చి, మళ్ళీ ఎండేదాకా అందులో కాలు పెట్టకూడదు, ఆకు తుంచకూడదు, నిప్పు చూపకూడదు. మనిషితో పాటు నేలకూ ఏడవడానికి వ్యవధి కావాలి కదా అంటారు. రక్తం పంచుకున్నవాళ్ళకూ కట్టుకున్నవాళ్ళకూ ఆ నియమం తప్పదు. మట్టికోడలి అన్న ఎక్కడో దూరం నుంచి వచ్చాడు. గేటు దగ్గరే చెప్పులు విడిచి, దిబ్బ ఎక్కి, ఎర్ర రిబ్బను పుల్లను పడుకోబెట్టి, ఆ పూటే వెళ్ళిపోయాడు.

మట్టికోడలు తన భాగంలో పని చేసుకుంటూనే ఉంది. రాళ్ళ వరస దాకా వచ్చి ఆగిపోయేది. అవతలికి చెయ్యి చాపేది కాదు. ఒకసారి గాలికి ఆమె తలగుడ్డ ఎగిరి కూతురి భాగంలో పడింది. దాన్ని అలాగే వదిలేసి వచ్చింది. అది అక్కడే వెలిసిపోయింది.

అందం కోసమని కమిటీ వాళ్ళు ఎప్పుడో కంచె పొడుగునా ఒక తీగ నాటించారు. తెల్లటి పూలు, నూనె రాసినట్టుండే ఆకులు. ఇన్నాళ్ళూ అది కంచె మీదే ఉందంటే తల్లీకూతుళ్ళు దాన్ని రోజూ గిల్లుతూ ఉన్నారు కాబట్టి. గిల్లే చెయ్యి పోయేసరికి అది ఒక వేలు ఇవతలికి చాపింది. తర్వాత చెయ్యి. వానలకు మొత్తం ఒళ్ళే తెచ్చి కూర్చుంది. ఏకై వచ్చి మేకైందంటారు, అలాగ. రాగిగడ్డి తలలు ఒక్కొక్కటే దాని కింద మునిగిపోతుంటే సూదక్క మిషన్ దగ్గర కూర్చుని చూసింది.

నోరు ఊరుకునే రకం కాదు కదా. ఒక సాయంత్రం గిన్నెలు తోముతూ అడిగేసింది. కంచే చేను మేస్తుంటే చూస్తూ ఊరుకుంటావా అంది. నీ కూతురి చోటును తీగ మింగేస్తోంది, కళ్ళు కనబడటం లేదా అంది.

మట్టికోడలి చేతిలో గిన్నె ఆగింది. "పడుకున్నదాన్ని లేపకూడదక్కా."

"అది పడుకుంటే తీగ పడుకుందా? దానికి ఎవరు పోయారని?"

"మా వాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే. ఏ చోటూ పాడుకాలేదు. నీకు అర్థం కాదు. నువ్వు మా జనం కాదు."

"కాను. కానందుకే నా కళ్ళు పనిచేస్తున్నాయి," అంది సూదక్క.

ఆ తగవు ఎవరూ గెలవలేదు. ఒకరు ఏడ్చే తీరు ఒకరికి తప్పుగా కనబడింది, అంతే. ఇల్లు రెండు గదులు, మధ్యలో పరదా. చాలా రోజులు ఆ పరదా అటూ ఇటూ జరగలేదు. గుమ్మంలో చేతులు కడుక్కోమనే మాట కూడా ఆగిపోయింది. అనకపోయినా మట్టికోడలు బయటే కడుక్కుని వచ్చేది. అది చూస్తే సూదక్కకు ఇంకా కష్టంగా ఉండేది.

మిషన్ అతను ఒకరోజు సూదక్క దగ్గరికి ప్యాంటు మిషతో వచ్చాడు. రవిక తగవు నాటి నుంచి అతనికి మట్టికోడలంటే ఎక్కడలేని గౌరవం. ఆమె లేని పూట చూసి తీగ తెంపేస్తానన్నాడు. సూదక్క టేపు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. చివరికి, వద్దంది. తల్లి వద్దన్న పని మనం చేస్తే అది సాయం అవదు, దొంగతనం అవుతుందని చెప్పి, ప్యాంటు నడుము వదులు చేసి పంపించింది.

గడ్డి రెండోసారి ఎండే కాలం వచ్చింది. కూతురి భాగంలో ఎండటానికి గడ్డే కనబడలేదు. మట్టికోడలు ఆ పొద్దున కాళ్ళు కడుక్కుని, రాళ్ళ వరస దాటింది. తీగను చేతులతో చీల్చుకుంటూ లోపలికి పోయింది. పుల్ల కోసం వెతికింది. అది దొరికింది, చుట్టూ తీగ పేనుకుని. ఎత్తబోతే మధ్యలో విరిగింది. లోపల చెమ్మ పట్టి పిండి అయిపోయింది. ఎర్ర రిబ్బను ఒక్కటే చేతిలోకి వచ్చింది.

అప్పటికి సూదక్క గేటు దాటి, తాడు దాకా వచ్చి నిలబడింది. తాడు దాటలేదు.

మట్టికోడలు మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో మట్టి తవ్వింది. గడ్డి దుబ్బులు మొదలంటా నల్లబడి కుళ్ళాయి. దుంపలను వేళ్ళతో పట్టుకుంటే నీరుగా కారాయి. ఎండ తగలక, గాలి తగలక, ఆ నేల పులిసిన వాసన వేస్తోంది. ఆమె గుప్పెడు మట్టి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది.

"పడుకోలేదక్కా ఇది. ఊపిరాడక పోయింది."

సూదక్క చెంబుడు నీళ్ళు తెచ్చి తాడు ఇవతల పెట్టింది.

తప్పు ఎక్కడ జరిగిందో మట్టికోడలు తర్వాత మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు చెప్పింది. వాళ్ళ జనం దిబ్బంతా ఉన్న రోజుల్లో ఒక చోటు పడుకుంటే చుట్టూ ఉన్న నాలుగు చోట్ల వాళ్ళు మేలుకుని ఉండేవాళ్ళు. హద్దుల దగ్గర వాళ్ళ చేతులు ఆడుతూనే ఉండేవి. నియమంలో ఆ మాట ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు దిబ్బ మీద మిగిలిన చుట్టం తనొక్కతే. కంచె తీగ ఏ జనానికీ చుట్టం కాదు. "నియమం తప్పు కాదక్కా. నియమం చుట్టూ ఉండాల్సిన మనుషులు లేరు," అంది. ఆ రాత్రి పరదా పక్కకి జరిగింది. ఇద్దరూ ఒకే గదిలో పడుకున్నారు.

అక్కడి నుంచి ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. తీగ వేళ్ళు తీయడానికే ఏళ్ళు పట్టింది. కాస్త తెగితే ఒకటి రెండవుతుంది, అలాంటి పాపిష్టిది. తన భాగంలోని గడ్డి దుబ్బులను చీల్చి అటు నాటింది. దుంపల పిల్లలను ఒక్కొక్కటే మోసుకెళ్ళి పాతింది. నీలిపూల దుంప నాటిన వెంటనే పూసేది కాదు. ఏళ్ళ తరబడి ఆకు మాత్రమే చూపిస్తుంది. ఏటా ఎండలకు ముందు ఆమె కూతురి భాగం దగ్గర కూర్చుని చూసేది. ఆకులు వచ్చేవి. పువ్వు వచ్చేది కాదు. ఇంకా చిన్నవి అక్కా, అనేది. చిన్నపిల్లలు కదా.

బస్సు మాత్రం రోజూ వచ్చేది. కొత్త కండక్టర్ స్టాపు పేరు సరిగ్గా చెప్పేవాడు. సూదక్క ఆ పూటకు మిషన్ చక్రం గట్టిగా తిప్పేది, చప్పుడు కోసం.

మట్టికోడలి కడుపులో నొప్పి మొదలై, అది మామూలు నొప్పి కాదని తేలేసరికి ఆలస్యమైంది. ఆసుపత్రి వాళ్ళు మందులిచ్చి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ మాటకు అర్థం ముగ్గురికీ తెలుసు. నడవగలిగినన్నాళ్ళు దిబ్బ మీదికి వెళ్ళింది. తర్వాత మిషన్ అతను కుర్చీ మోసుకొచ్చి దిబ్బ మీద వేసేవాడు. ఆ తర్వాత అదీ లేదు. కిటికీ పక్కన మంచం. కిటికీ నుంచి దిబ్బ కనబడదు, అధ్యక్షుడి ఇంటి నీళ్ళ ట్యాంకు కనబడుతుంది. కనీసం ఆ ట్యాంకైనా ఆయన తలకాయలా నున్నగా ఉందని ఆమె నవ్వింది. నవ్వితే నొప్పి వచ్చింది.

సూదక్క ఆమె గోళ్ళు కత్తిరిస్తోంది. గోళ్ళలో మట్టి లేదు. ఎంత వెతికినా లేదు. ఇన్నేళ్ళూ ఆ మట్టిని తిట్టిన మనిషి ఆ తెల్లటి గోళ్ళను పట్టుకుని అలాగే ఉండిపోయింది.

మట్టికోడలు మాట్లాడింది. తను పోయాక అన్న వస్తాడంది. వచ్చి పుల్ల పడుకోబెడతాడు, మొత్తం చోటునే నిద్రపుచ్చుతాడు. మొగుడూ ఆ నియమం దాటడు, దాటకూడదు కూడా. కూతురికి చేసింది తల్లికి ఎందుకు చెయ్యరు. పడుకున్న నేలను చూసి కమిటీ వాళ్ళు, అడిగే దిక్కు లేదని తాడు విప్పేస్తారు. వాళ్ళు విప్పకపోయినా తీగ ఆగదు. కూతురి భాగంలో ఆకులు ఈ ఏడు లావుగా వచ్చాయి, వచ్చే ఏడో, ఆపై ఏడో పూస్తాయి.

సూదక్కకు ఎటు వస్తోందో అర్థమైంది. తనకు మట్టిపని రాదని, వయసు అయిపోయిందని, చేతులు పాడైతే తిండి పోతుందని వరసగా చెప్పింది. మంచం మీది మనిషి అన్నీ విని, కత్తెర ఉన్న ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు మా జనం కాదని ఒకసారి అన్నాను కదక్కా. ఇప్పుడూ అదే అంటున్నాను. నువ్వు కావు కాబట్టే నీకు తప్పు లేదు. తోడికోడలికి ఏ నియమమూ పట్టదు. నా పుల్ల పడుకోబెట్టనివ్వకు, మా అన్న చేతిలోంచి లాక్కో. వాడు ఏమైనా అంటే నీ నోరు ఉంది. నేను పోయిన రోజే వెళ్ళు. ఏడుపు తర్వాత ఏడవచ్చు. కంచె పక్క నుంచి మొదలుపెట్టి, పుల్లతో గుల్ల చేసుకుంటూ, తీగ వేరు మొత్తం వచ్చేదాకా మెల్లగా లాగు. కుట్టు విప్పినట్టే, నీకు తెలిసిందే. తెంపకు. పిల్ల వైపు ఆకులు తొక్కకు. చీకటి పడ్డాక ఇంటికి రా. చేతులు మాత్రం గుమ్మం బయట కడుక్కో."